అచ్చులో పోసి బోర్లించే జెల్లీ: జెలటిన్, చైనా గ్రాస్, మన ఎండాకాలం

నీరజ_కాకినాడ

అందరికీ నమస్తే. ఈ వేదికలో కేకుల మీద, మిఠాయిల మీద బోలెడు చర్చలున్నాయి. జెల్లీ మీద మాత్రం ఒక్కటీ కనపడలేదు, అందుకని నేనే మొదలుపెడుతున్నా. పండ్ల రసం మనమే తీసి, జెలటిన్ మనమే కలిపి, గిన్నెలో పోసి, మర్నాడు పళ్ళెంలోకి బోర్లించే జెల్లీ గురించి. ఇంత తక్కువ శ్రమతో ఇంత సంబరం ఇచ్చే వంట నాకు ఇంకోటి తెలీదు.

ఈ మధ్య ఎక్కువగా దానిమ్మతో చేస్తున్నాను. గింజలు మిక్సీలో వేసి ఒక్కసారి అలా తిప్పి ఆపేయాలి. ఎక్కువ తిప్పితే లోపలి విత్తనం నలిగి రసం వగరెక్కుతుంది. పల్చటి గుడ్డలో వడకట్టి చక్కెర, కాస్త నిమ్మరసం కలుపుతాను. రెండు కప్పుల రసానికి 7 గ్రాముల జెలటిన్ పొడి సరిపోతుంది. అచ్చు ఎత్తుగా ఉంటే ఇంకో గ్రామో రెండో పెంచుతాను. పొడిని ముందు పావు కప్పు చల్లటి రసం మీద పల్చగా చల్లి పది నిమిషాలు ముట్టుకోకుండా వదిలేయాలి. అది రసం పీల్చుకుని ఉబ్బాక, అరకప్పు రసం వేడిచేసి అందులో కరిగించి, మిగతా రసమంతా కలిపేయడమే. మరిగించకూడదు. ఎక్కువసేపు మరిగితే జెలటిన్ పట్టు తగ్గిపోతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం బోర్లించడం. ముందు తడి వేలితో జెల్లీ అంచుని గిన్నె నుంచి కొంచెం లోపలికి లాగుతాను. అక్కడ గాలి దూరడానికి దారి పడుతుంది. గిన్నెని గోరువెచ్చటి నీళ్ళలో అయిదారు సెకన్లు ముంచి తీస్తాను. పళ్ళెం కూడా తడిపి పెట్టుకుంటే, జెల్లీ ఓ పక్కకి పడినా మెల్లగా మధ్యకి జరపొచ్చు. పళ్ళెం మూతలా పెట్టి రెండూ కలిపి ఒక్కసారిగా తిప్పి, చిన్నగా ఒక కుదుపు. లోపల జెల్లీ గిన్నెని వదిలేటప్పుడు బరువు పళ్ళెం మీదకి మారడం చేతికి తెలుస్తుంది. గిన్నె పైకి తీశాక ఎర్రగా, వెలుతురు అటునుంచి ఇటు కనపడేలా, ఇంకా ఊగుతూ ఉంటుంది. పిల్లలు పళ్ళెం కదిపి కదిపి చూస్తారు, తినడానికి ముందే సగం ఆనందం అక్కడ అయిపోతుంది.

రెండు సందేహాలు. రెండు మూడు రంగుల పొరలు వేయాలనుంది, ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా, కోసినప్పుడు విడిపోకుండా ఎలా? ఇంకోటి, మా అత్తగారు శాకాహారి. జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది కాబట్టి ముట్టుకోరు. ఆవిడకి కూడా ఇదే ఊపు ఉన్న జెల్లీ చేసి పెట్టే మార్గం ఉందా?

బెజవాడ_వాణి

నీరజ గారూ, మంచి చర్చ మొదలుపెట్టారు. మీ రెండో ప్రశ్నకి మా ఇంట్లో జవాబు ఎప్పట్నుంచో ఉంది, చైనా గ్రాస్. కిరాణా కొట్లో సన్నటి తెల్లటి పోగుల కట్టలుగా దొరుకుతుంది, పొడి రూపంలో అయితే అగర్ అగర్ అని రాసి ఉంటుంది. పూర్తిగా సముద్రపు నాచు నుంచి తీసిందే కాబట్టి మీ అత్తగారు నిశ్చింతగా తినొచ్చు.

పోగుల్ని కత్తిరించి చల్లటి నీళ్ళలో అరగంట నానబెట్టి, ఆ నీళ్ళతోనే పొయ్యి మీద పెట్టి మరిగించాలి. ఇక్కడ పద్ధతి జెలటిన్‌కి పూర్తిగా వ్యతిరేకం. మరిగితేనే కరుగుతుంది. ఒక్క పోగు కూడా కంటికి కనపడకుండా అయ్యేదాకా చిన్నమంట మీద కలుపుతూ ఉండాలి. ఆ తర్వాత కూడా టీ జల్లెడలో వడపోస్తే మేలు. లీటరు పాలకి 10 గ్రాములు వేస్తే చెంచాతో తినేంత మెత్తగా వస్తుంది. బోర్లించి నిలబెట్టాలంటే అదే 10 గ్రాములకి పాలు ముప్పావు లీటరుకి తగ్గించండి.

పైగా మన ఊళ్ళలో ఎండ సంగతి చూడండి. మే నెలలో విజయవాడలో 42, 43 డిగ్రీలు మామూలే. జెలటిన్ జెల్లీ బల్ల మీద పెట్టి చుట్టాల్ని పిలిచేలోపు అంచులు కరిగి పళ్ళెంలో నీళ్ళవుతాయి. చైనా గ్రాస్ అలా కాదు, పెళ్ళి భోజనాల బల్ల మీద పెట్టినా నిలబడుతుంది. మన ఇళ్ళకి ఇదే సరైనదని నా గట్టి అభిప్రాయం.

హాస్టల్_కిరణ్

అక్కా, నా దగ్గర జెలటిన్ ప్యాకెట్ ఒకటి, పైనాపిల్ ఒకటి ఉన్నాయి. పైనాపిల్ ముక్కలు కోసి జెల్లీలో వేసేయొచ్చా? రూమ్‌లో ఇండక్షన్ పొయ్యి, చిన్న ఫ్రిజ్ ఉన్నాయి.

టోలీచౌకీ_సమీనా

కిరణ్ తమ్ముడూ, పచ్చి పైనాపిల్ వద్దు! రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్నా పేరుకోదు. కచ్చీ బిర్యానీకి మాంసం మెత్తబడాలని పచ్చిబొప్పాయి ముద్ద పట్టిస్తాం కదా, బొప్పాయిలో ఉండేది మాంసం మీద చేసే పనే పైనాపిల్‌లో ఉండేది జెలటిన్ మీద చేస్తుంది. కివీ, అంజీర, అల్లం రసం కూడా అంతే. ముక్కల్ని నీళ్ళలో వేసి నాలుగైదు నిమిషాలు బాగా ఉడికించి చల్లార్చి వేసుకో, ఏ ఇబ్బందీ ఉండదు. డబ్బాలో వచ్చే పైనాపిల్ అయితే ముందే వేడి తగిలినదే, నేరుగా వేసేయొచ్చు. చైనా గ్రాస్‌కి ఈ బాధ లేదు, పచ్చి ముక్కలే వేసుకోవచ్చు.

వాణి గారు చెప్పినట్టు చైనా గ్రాస్ మా ఇంట్లో కూడా ప్రతి రంజాన్‌కి ఉండాల్సిందే. రోజంతా ఉపవాసం ఉన్నాక ఇఫ్తార్‌లో నూనె వంటకాల పక్కన చల్లటి చైనా గ్రాస్ ముక్క నోట్లో పెట్టుకుంటే ప్రాణం లేచొస్తుంది. పాలు చిక్కగా మరిగించి, చక్కెర, ఏలకుల పొడి, పైన సన్నగా తరిగిన పిస్తా, బాదం. పెద్ద పళ్ళెంలో పోసి బర్ఫీ కోసినట్టు కోస్తాం. మా అమ్మీ సగం పాలలో రూహ్ అఫ్జా అనే గులాబీ షర్బత్ కలిపి గులాబీ పొర ఒకటి, తెల్ల పొర ఒకటి వేస్తుంది.

నీరజ గారూ, మీ పొరల ప్రశ్నకి చైనా గ్రాస్ వైపు నుంచి నా జవాబు ఇది. మొదటి పొర పైన మీగడలా కట్టి, లోపల ఇంకా వెచ్చగా ఉన్నప్పుడే రెండో పొర వేడివేడిగా పోయాలి. పూర్తిగా చల్లారిన పొర మీద పోస్తే రెండూ అతుక్కోవు. కోసేటప్పుడు జారి దేనికది వచ్చేస్తుంది. ఆలస్యమైపోతే ఫోర్కుతో పైన సన్నగా గీతలు గీసి పోయండి, కొంత పట్టు దొరుకుతుంది.

డాలస్_శైలజ

జెలటిన్ పొరలకి ఇంకో రకం లెక్క, అది నేను చెప్తాను. మా తెలుగు కుటుంబాల పాట్‌లక్‌లకి, అంటే తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తినే విందులకి, నేను ఎక్కువగా తీసుకెళ్ళేది పొరల జెల్లీయే.

మొదటి పొర ఫ్రిజ్‌లో పెట్టాక మధ్యమధ్యలో వేలితో తాకి చూడాలి. వేలికి కాస్త జిగటగా తగలాలి, కానీ ద్రవం అంటుకుని రాకూడదు. అదే అదను. రెండో పొర గది వేడికి చల్లారి ఉండాలి. వేడిగా పోస్తే కింది పొరని కరిగించి రంగులు కలిపేస్తుంది. ధార నేరుగా పడితే గుంట పడుతుంది కాబట్టి, చెంచా బోర్లా పట్టుకుని దాని వీపు మీదుగా పోయాలి. పైన నురగ ఉంటే ముందే తీసేయాలి, లేకపోతే అది పొరల మధ్య తెల్ల చారలా ఉండిపోతుంది.

పండ్ల ముక్కలు మధ్యలో తేలుతున్నట్టు కనపడాలంటే, జెల్లీ గుడ్డు తెల్లసొనలా చిక్కబడే వరకు ఆగి అప్పుడు కలపాలి. ముందే వేస్తే కొన్ని పైకి తేలతాయి, కొన్ని అడుక్కి పోతాయి. అచ్చు అడుగున పేర్చేది బోర్లించాక పైన కనపడుతుందని గుర్తుపెట్టుకోండి. ద్రాక్షని సగానికి కోసి, కోసిన వైపు పైకి పెడితే బోర్లించాక గుండ్రటి వైపు చూసేవాళ్ళకి కనపడుతుంది. అడుగున పల్చగా ఒక పొర పోసి పేరుకోనిచ్చి, ముక్కలు పేర్చి, అవి కదలకుండా మళ్ళీ పల్చగా పోసి పేరుకున్నాక మిగతాది నింపుతాను. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి అవుతుంది. తొందర పడే వంట కాదు.

ఇక్కడ జెల్లీ అంటే అమెరికా వాళ్ళకి ఇంటి వంట కిందే లెక్క. జెల్-ఓ అనే పొడి 1897లో న్యూయార్క్ రాష్ట్రంలోని లీరాయ్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. దగ్గుమందులు చేసుకునే పెర్ల్ వెయిట్ అనే ఆయన జెలటిన్‌కి పండ్ల రుచి, చక్కెర కలిపి తయారుచేశాడు. అమ్ముకోవడం చేతకాక రెండేళ్ళకి 450 డాలర్లకి హక్కులు ఇచ్చేశాడు. యూటా రాష్ట్రం 2001లో జెల్-ఓని తమ అధికారిక చిరుతిండిగా ప్రకటించింది. చర్చి విందుల్లో తురిమిన క్యారెట్ వేసిన ఆకుపచ్చ జెల్లీని ఇప్పటికీ అచ్చుల్లో చేసి తెస్తారు.

ఒక జాగ్రత్త. ఇక్కడ మామూలుగా దొరికే జెలటిన్ ఎక్కువగా పంది చర్మం నుంచి తీసింది. మన పాట్‌లక్‌లో హిందువులు, ముస్లింలు, జైనులు అందరూ ఉంటారు. అందుకే పళ్ళెం పక్కన చిన్న కాగితం మీద దేనితో చేశానో రాసి పెడతాను. బీఫ్ జెలటిన్, ఫిష్ జెలటిన్ వేరేగా దొరుకుతాయి, డబ్బా మీద చదువుకోవాలి.

బెజవాడ_వాణి

శైలజ గారూ, కాగితం రాసి పెట్టడం చాలా మంచి పద్ధతి. మన దగ్గర ప్యాకెట్ మీద గుర్తు చూస్తే చాలు. ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం, గోధుమరంగు త్రిభుజం ఉంటే మాంసాహారం. ఆకుపచ్చ చుక్క ఉన్న జెల్లీ పొడుల వెనకాల పదార్థాల జాబితాలో 406 అని ఉంటే అగర్, 407 ఉంటే క్యారజీనన్. రెండూ నాచువే.

కెమిస్ట్రీ_మాస్టారు

ఆలస్యంగా చూశాను. నీరజ గారు అడిగిన "ఇదే ఊపు" అన్న మాట దగ్గర ఆగుతాను, ఎందుకంటే వాణి గారితో అక్కడ కొంచెం విభేదిస్తున్నాను.

జెలటిన్ అంటే చర్మం, ఎముకల్లోని కొలాజెన్ అనే ప్రోటీన్ ఉడికి మారిన రూపం. రాత్రి మిగిలిన పాయా, అదే మేక కాళ్ళ పులుసు, ఫ్రిజ్‌లో పెడితే పొద్దున్నకి గిన్నె వంచినా కదలకుండా పేరుకుని ఉంటుంది. అది ఇంట్లో తయారైన జెలటినే. ఈ జెల్లీ దాదాపు మన ఒంటి వేడి దగ్గరే కరుగుతుంది. అందుకే నాలుక మీద పెట్టగానే రసమైపోతుంది, రుచి ఒక్కసారిగా విచ్చుకుంటుంది. అగర్ ప్రోటీన్ కాదు, చక్కెర అణువుల పొడవాటి గొలుసు. సుమారు 35 నుంచి 40 డిగ్రీల మధ్య పేరుకుంటుంది. కానీ ఒకసారి పేరుకున్నాక మళ్ళీ కరగాలంటే 85 డిగ్రీల దాకా వేడి కావాలి. నోట్లో అది కరిగే ప్రసక్తే లేదు, పంటి కింద తెగాల్సిందే. ఎండలో నిలబడటానికీ, నోట్లో కరగకపోవడానికీ కారణం ఒక్కటే. ఒకటి కావాలంటే రెండోది వదులుకోవాలి.

ఊపు సంగతి కూడా అంతే. జెలటిన్ సాగి మళ్ళీ యథాస్థానానికి వస్తుంది. అగర్ వంచితే పుటుక్కున విరుగుతుంది. ఊపు ముఖ్యం అనుకుంటే క్యారజీనన్ ఉన్న శాకాహార జెల్లీ పొడి కొంత దగ్గరగా వస్తుంది. కాబట్టి నీరజ గారూ, అత్తగారి కోసం విడిగా ఆ ప్యాకెట్ ప్రయత్నించండి.

పైనాపిల్ గురించి సమీనా గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. అందులో ఉండే బ్రొమెలైన్ అనే పదార్థం ప్రోటీన్‌ని ముక్కలు చేస్తుంది. జెలటిన్ ప్రోటీన్ కాబట్టి దానికి దొరికిపోతుంది, అగర్ ప్రోటీన్ కాదు కాబట్టి తప్పించుకుంటుంది.

ఈ రెండు జెల్లీల తేడా మీద వైద్యశాస్త్రమే ఒక మలుపు తిరిగింది. 1881 ప్రాంతంలో జర్మనీలో రాబర్ట్ కోచ్ ప్రయోగశాలలో సూక్ష్మక్రిముల్ని జెలటిన్ మీద పెంచేవారు. వేసవిలో అది కరిగిపోయేది. కొన్ని క్రిములు దాన్ని తినేసి నీళ్ళు చేసేవి కూడా. అక్కడ పనిచేసే వాల్టర్ హెస్సే భార్య ఫానీ హెస్సే ఇంట్లో జెల్లీలు, పుడ్డింగులు అగర్‌తో చేసేది. జావాలో ఉండి వచ్చిన ఇరుగుపొరుగు వాళ్ళ దగ్గర నేర్చుకుంది. ఎండలో కూడా మీ జెల్లీ ఎలా నిలబడుతోందని భర్త అడిగితే, ఆవిడ అగర్ సంగతి చెప్పింది. ఈరోజు ప్రపంచంలో ఏ ఆస్పత్రి ల్యాబ్‌లోనైనా క్రిముల్ని పెంచే గాజు పళ్ళెంలో ఉన్నది ఆ వంటింటి అగరే. 1882లో కోచ్ క్షయ క్రిమి మీద రాసిన పత్రంలో అగర్ ప్రస్తావన ఉంది, ఫానీ పేరు లేదు. మా పిల్లలకి ఈ పాఠం చెప్పేటప్పుడు ఆవిడ పేరు బోర్డు మీద పెద్దగా రాస్తాను.

టోలీచౌకీ_సమీనా

మాస్టారూ, ఫానీ హెస్సే గురించి ఇప్పుడే తెలిసింది. చదువుతుంటే ఒళ్ళు పులకరించింది. వంట చేసే ఆడవాళ్ళ చేతిలో ఎంత జ్ఞానం ఉంటుందో!

కానీ ఒక్క మాట. చైనా గ్రాస్‌ని జెలటిన్‌లా ఊగమని అడగడం దేనికి? దాని రుచి దానిది. నోట్లో పుటుక్కున తెగి చల్లటి పాలు జారుతుంటే ఆ ఆనందం వేరు. పాలతో, కొబ్బరితో అది కుదిరినట్టు జెలటిన్ కుదరదని నేను అనుకుంటాను.

చెన్నై_మావయ్య

సమీనా గారి మాటే నా మాట. ఇక్కడ చెన్నైలో లేతకొబ్బరి పుడ్డింగ్‌కి విందుల్లో మంచి గిరాకీ. చైనా గ్రాస్‌తోనే చేస్తారు. ఇక్కడి కొట్లలో కడల్ పాసి అని అడగాలి.

కొబ్బరినీళ్ళు మరిగితే వాటి తీపి, వాసన చచ్చిపోతాయి. అందుకని చైనా గ్రాస్‌ని మామూలు నీళ్ళలో మరిగించి పూర్తిగా కరిగించుకుని, పొయ్యి దించాక కొబ్బరినీళ్ళు కలపాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి నీళ్ళు పోశారంటే తగిలిన చోటల్లా గడ్డలు కట్టేస్తుంది. కొబ్బరినీళ్ళు ముందే గోరువెచ్చగా చేసి, సన్నటి ధారగా పోస్తూ కలపండి. పైపొరకి పాలు, కండెన్స్‌డ్ మిల్క్, మిక్సీ పట్టిన లేతకొబ్బరి. కింద అద్దంలా తెల్లటి కొబ్బరినీళ్ళ పొర, పైన పాల పొర. మా మనవరాలు దీనికి పడి చస్తుంది.

ఆంధ్రా వైపు ఇప్పుడు తాటిముంజల కాలం కదా. ముంజల పై తొక్క ఒలిచి ముక్కలు చేసి కొబ్బరినీళ్ళ పొరలో వేసి చూడండి. ముంజ కాయ లోపలి నీళ్ళు కూడా వృథా చేయకుండా అందులోనే కలిపేయొచ్చు.

ఇంకో విషయం చెప్పాలనిపించింది. చైనా గ్రాస్ అనగానే దూరదేశం సరుకు అనుకుంటాం. మన్నార్ సింధుశాఖలో, పాంబన్, రామేశ్వరం వైపు తీరంలో మత్స్యకార స్త్రీలు సముద్రంలో మునిగి ఈ నాచుని చేత్తో ఏరి తెస్తారు. రాళ్ళకి చేతులు కోసుకోకుండా వేళ్ళకి గుడ్డ చుట్టుకుని దిగుతారు. మదురై చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో దాన్ని ఉడికించి అగర్ తీస్తారు. పది గ్రాముల కట్ట వెనకాల అంత కష్టం ఉంది.

కోనసీమ_పద్మజ

అయ్యో, ఇన్ని మాటలయ్యాయి, జున్ను ఎవరూ ఎత్తలేదేమిటి! చైనా గ్రాస్‌తో మా ఇంట్లో చేసేదల్లా అదే. పట్నంలో జున్నుపాలు దొరక్క బెంగపెట్టుకునే వాళ్ళకి ఇదో ఊరట.

అరలీటరు చిక్కటి పాలు, 5 గ్రాముల చైనా గ్రాస్, 150 గ్రాముల బెల్లం. చైనా గ్రాస్‌ని కప్పు నీళ్ళలో కరిగించి మరుగుతున్న పాలలో పోసి రెండు పొంగులు రానిచ్చి దించేయాలి. బెల్లాన్ని కొద్ది నీళ్ళలో విడిగా కరిగించి వడకట్టుకోవాలి, ఇసుక ఉంటుంది కదా. ఇప్పుడు జాగ్రత్త. మరిగే పాలలో బెల్లం పోస్తే విరిగిపోతాయి. అలాగని బాగా చల్లారేదాకా ఆగితే చైనా గ్రాస్ గిన్నెలోనే పేరుకుపోతుంది. పాలలో చిటికెన వేలు పెడితే చురుక్కుమనాలి, కానీ క్షణం ఉంచగలగాలి. ఆ వేడిలో బెల్లం పాకం గోరువెచ్చగా పోసి కలపాలి. మిరియాల పొడి, ఏలకుల పొడి ధారాళంగా వేసి స్టీల్ టిఫిన్ బాక్సులో పోస్తే గంటలో పేరుకుంటుంది. ఫ్రిజ్ లేకపోయినా సరే.

అసలు జున్ను రుచి దీనికి పూర్తిగా రాదు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. ఈనిన ఆవు పాలు ఆవిరి తగలగానే వాటంతట అవే గట్టిపడి చిన్న చిన్న చిల్లులతో, కొంచెం పలుకుగా ఉంటాయి. ఇది నున్నగా ఉంటుంది. కానీ మిరియం, బెల్లం వాసనతో చల్లటి ముక్క నోట్లో పడితే మా మామగారు కళ్ళు మూసుకుని తింటారు. నీరజ గారూ, మీ అత్తగారికి ఇది పెట్టండి. రంగు జెల్లీ కన్నా ఇదే ఎక్కువ నచ్చుతుందని పందెం కాస్తాను.

హాస్టల్_కిరణ్

సమీనా అక్కా, థాంక్స్. పైనాపిల్ ఉడికించి చేశాను. రూమ్‌మేట్స్ అందరికీ టీ గ్లాసుల్లో పోసి పెట్టా, అచ్చు కట్టినట్టు పేరుకుంది. ఫ్రిజ్ మరీ చిన్నది, త్వరగా కావాలని డీప్ ఫ్రీజర్‌లో పెట్టొచ్చా అని ఇంకో డౌట్.

కెమిస్ట్రీ_మాస్టారు

వద్దు కిరణ్. గడ్డకట్టేటప్పుడు మంచు పలుకులు జెల్లీ అల్లికని చీల్చేస్తాయి. కరిగాక నీళ్ళు వేరు, పిప్పి వేరు అవుతుంది. త్వరగా కావాలంటే పల్చటి స్టీల్ గిన్నె వాడు, గాజు కంటే చాలా త్వరగా చల్లబడుతుంది. లేదా గిన్నెని ఐసు ముక్కలు వేసిన నీళ్ళలో కూర్చోబెట్టి, కాసేపు కలిపి ఆ తర్వాత ఫ్రిజ్‌లో పెట్టు.

నీరజ_కాకినాడ

ఎంత ఓపిగ్గా చెప్పారండీ అందరూ! మూడూ చేశాను, వరసగా చెప్తాను.

క్యారజీనన్ ఉన్న ప్యాకెట్ మాస్టారు చెప్పినట్టే బాగా ఊగింది. పిల్లలకి నచ్చింది. రుచి మాత్రం ప్యాకెట్ రుచే, పండు రుచి లేదు. అత్తగారు ఒక చెంచా తిని పక్కన పెట్టారు.

చెన్నై మావయ్య గారు చెప్పిన కొబ్బరినీళ్ళు, ముంజలు. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. పెద్ద అచ్చు లేదని ఇడ్లీ ప్లేట్లలో పోశాను. గుంటకి నెయ్యి రాయక్కర్లేదు, నీళ్ళతో తడిపితే చాలు. చైనా గ్రాస్ పేరుకున్నాక కొంచెం ముడుచుకుంటుంది కాబట్టి అంచు చుట్టూ వేలు తిప్పగానే దానంతట అదే ఊడొచ్చింది. ఒక్కో ఇడ్లీలో ఒక్కో ముంజ ముక్క. పళ్ళెంలో పేర్చి పెడితే ఎదురుగా వెలుగు పడి ముంజ అంచు మాత్రం సన్నగా కనపడుతోంది. పదకొండేళ్ళ మా అమ్మాయి తనే బోర్లిస్తానని పట్టుబట్టి అన్నీ తనే తీసింది, ఒక్కటి కూడా విరగలేదు. దాని మొహం చూడాలి మీరు.

పద్మజ గారూ, పందెం మీరే గెలిచారు. జున్ను పొద్దున చేశాను, సాయంత్రం మళ్ళీ చేయమన్నారు అత్తగారు. మిరియాలు ఇంకాస్త ఎక్కువ వేయమన్నారు.

జెలటిన్ జెల్లీ నాకు ఇప్పటికీ ప్రాణమే, నాలుక మీద కరిగే గుణం ఇంక దేనికీ లేదు. చలికాలంలో అది, ఎండాకాలంలో ఇది అని పెట్టుకుంటాను. ఒకటే సందేహం మిగిలింది. చైనా గ్రాస్ జెల్లీ రెండో రోజుకి పళ్ళెంలో నీళ్ళు ఊరుతున్నాయి. చెడిపోయినట్టా?

బెజవాడ_వాణి

చెడిపోలేదండీ. చైనా గ్రాస్ నిలవ ఉంటే నీరు వదలడం దాని స్వభావం. ఆ నీళ్ళు వంపేసి తినొచ్చు. చక్కెర కొంచెం ఎక్కువ పడితే నీరు తక్కువ ఊరుతుంది. పాలతో చేసింది అయితే రెండు రోజుల్లో తినేయండి, మూత పెట్టకపోతే ఫ్రిజ్‌లోని కూరల వాసన కూడా పట్టేస్తుంది.

డాలస్_శైలజ

ఇడ్లీ ప్లేట్ల ఆలోచన భలే ఉంది నీరజ గారూ. నా దగ్గర మినీ ఇడ్లీ ప్లేట్లున్నాయి. వచ్చే పాట్‌లక్‌కి శాకాహారుల కోసం కొబ్బరినీళ్ళవి అందులోనే చేస్తాను. ఇక్కడ ముంజలు డబ్బాలో తప్ప దొరకవు, లిచీ ముక్కలు వేస్తాను. మామిడి రసంతో కూడా ఒక పొర వేయాలనుంది. పులుపు ఉంటుంది కదా, చైనా గ్రాస్‌తో కలిపి మరిగించొచ్చా?

టోలీచౌకీ_సమీనా

పులుపుతో కలిపి మరిగిస్తే పట్టు తగ్గుతుంది శైలజ గారూ. చైనా గ్రాస్‌ని నీళ్ళలోనే కరిగించి, దించాక మామిడి గుజ్జు కలపండి. గుజ్జు ఫ్రిజ్‌లోది కాకుండా గది వేడిలో ఉండాలి. పీచు మామిడి అయితే జల్లెడలో ఒత్తి తీయండి. నేరేడుకీ, నిమ్మకీ కూడా ఇదే పద్ధతి. గుజ్జు చిక్కగా ఉంటే చైనా గ్రాస్ కాస్త తగ్గించండి, లేకపోతే మరీ బిరుసుగా వస్తుంది. చిటికెడు ఉప్పు వేయడం మర్చిపోకండి, మామిడి తీపి పైకి తేలుతుంది.